ఏడాది పొడవునా హమ్మింగ్‌బర్డ్‌లు రావాలంటే: ఫీడర్ కట్టాలా, మొక్కలు పెట్టాలా, పెడితే ఏవి?

అమెరికాలో, కాలిఫోర్నియా బే ఏరియాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ల పెరట్లోకి ముందు వచ్చేవి కరివేపాకు, మల్లె, గోంగూర. ఏడాది తిరిగేలోపు ఏదో ఒక ఉదయం వంటింటి కిటికీ అవతల బొటనవేలంత పచ్చటి పిట్ట గాల్లో నిలబడి లోపలికి చూస్తుంది. ఇక ఇంట్లో చర్చ మొదలవుతుంది. ఫీడర్ (పిట్ట తాగడానికి పంచదార నీళ్లు పోసి వేలాడదీసేది) కొందామా, మొక్కలు పెడదామా? మొక్కలైతే ఏవి, ఎక్కడ? ఇంటర్నెట్‌లో వెతికితే హమ్మింగ్‌బర్డ్‌లకు నచ్చే మొక్కల జాబితాలు బోలెడు దొరుకుతాయి. వాటిలో మీ ఊరి వాతావరణానికి తట్టుకునేవి ఏవో, ఏ నెలలో పూస్తాయో, ఒకదాని బదులు ఇంకొకటి ఎందుకు కొనాలో విడదీసి చెప్పేవి తక్కువ.

నా లెక్క ఇది. మార్చి నుంచి జూన్ దాకా ఎవరి తోటలోనైనా పూలుంటాయి. మీ దగ్గర లేకపోతే పక్కింట్లో ఉంటాయి. పిట్టకు కరువు నెలలు ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా. మీ డబ్బూ, చోటూ, ఓపికా ఆ నెలల మీద పెట్టండి. నర్సరీకి వసంతంలో వెళ్తే కళ్లకు కనిపించినవన్నీ కొనేస్తాం, ఎందుకంటే అన్నీ అప్పుడే పూసి ఉంటాయి. అలా కట్టిన తోట జూలై చివరికి వెలవెలబోతుంది.

ముందు మీ ఊళ్లో పిట్ట ఎన్నాళ్లు ఉంటుందో చూసుకోండి

"ఏడాది పొడవునా" అనే మాట అమెరికా అంతటా చెల్లదు. కాలిఫోర్నియా తీరం పొడవునా, సియాటిల్, పోర్ట్‌లాండ్ వైపు, ఫీనిక్స్‌లో ఉన్నవాళ్లు అదృష్టవంతులు. అక్కడ ఆనాస్ హమ్మింగ్‌బర్డ్ చలికాలంలో కూడా కదలకుండా ఉంటుంది. సుమారు పది సెంటీమీటర్ల పొడవు, నాలుగైదు గ్రాముల బరువు. మగదాని తల, గొంతు ఒక కోణంలో చూస్తే నల్లగా ఉంటాయి. అది మెడ తిప్పి ఎండ పడగానే ఎర్రగులాబీ రంగులో భగ్గుమంటాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ పిట్ట గూడు కట్టేది దక్షిణ కాలిఫోర్నియా, ఉత్తర బాహా కాలిఫోర్నియా ప్రాంతాల్లోనే. జనం ఇళ్ల దగ్గర పెంచిన పూలమొక్కలు, కట్టిన ఫీడర్ల ఆసరాతో అది మెల్లగా ఉత్తరానికి పాకి కెనడా దాకా వెళ్లింది. 2017లో వాంకూవర్ నగరం దాన్ని తన నగర పక్షిగా ఎంచుకుంది. పెరటి తోటలు ఒక పిట్ట భూగోళాన్నే మార్చాయన్నమాట. మనం పెట్టే నాలుగు మొక్కలు ఏపాటి అని అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

తీరంలో ఆలెన్స్ హమ్మింగ్‌బర్డ్ కూడా వస్తుంది. దక్షిణ కాలిఫోర్నియాలో వాటిలో కొన్ని ఏడాదంతా ఉంటాయి, బే ఏరియాకు మాత్రం జనవరి, ఫిబ్రవరుల్లో వచ్చి వేసవి గడవకముందే వెళ్లిపోతాయి.

న్యూజెర్సీ, వర్జీనియా, జార్జియా, నార్త్ కరోలినాల్లో గూడు కట్టేది రూబీ థ్రోటెడ్ అనే హమ్మింగ్‌బర్డ్ ఒక్కటే. న్యూజెర్సీకి ఏప్రిల్ చివర వస్తుంది, అక్టోబర్ మొదటికల్లా వెళ్లిపోతుంది. చాలా పిట్టలు దాదాపు 800 కిలోమీటర్ల గల్ఫ్ ఆఫ్ మెక్సికోను ఆగకుండా దాటుతాయి. కాబట్టి అక్కడివాళ్లు జనవరి పూల గురించి టెన్షన్ పడనక్కర్లేదు. ఆ డబ్బు ఆగస్టు, సెప్టెంబర్ పూల మీద పెడితే ప్రయాణానికి ముందు ఒళ్లు చేయాల్సిన పిట్టకు నిజంగా పనికొస్తుంది.

డాలస్, ఆస్టిన్‌లలో మార్చి నుంచి అక్టోబర్ దాకా రూబీ థ్రోటెడ్, బ్లాక్ చిన్డ్ అనే రెండు రకాలూ కనిపిస్తాయి. హ్యూస్టన్, గల్ఫ్ తీరం వేరే కథ. ఆగస్టు, సెప్టెంబర్‌లలో వలస పిట్టలు గుంపులుగా దిగుతాయి. రాక్‌పోర్ట్ ఊళ్లో ఏటా సెప్టెంబర్‌లో వాటి పేరుతో పండగే జరుగుతుంది. చలికాలంలో కూడా రూఫస్ లాంటి హమ్మింగ్‌బర్డ్ రకాలు కొన్ని ఆ తీరంలో ఉండిపోతాయి.

హైదరాబాద్, విజయవాడల నుంచి చదివేవాళ్లకు ఒక మాట. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా లేవు. మీ బాల్కనీలో మందార మీద వాలే నల్లటి మెరుపుల పిట్ట తేనెపిట్ట. దాని కుటుంబం వేరు, అది ఎక్కువగా కొమ్మ మీద కూర్చునే తాగుతుంది. దానికి పంచదార నీళ్లు కట్టక్కర్లేదు. హైదరాబాద్ రోడ్ల డివైడర్ల మీద విరివిగా కనిపించే నారింజరంగు గొట్టం పూల హమేలియా, ఎర్రటి సన్న పూలు జలజలా వేలాడే రసేలియా, మన నూరు వరహాలు, ఒంటిరెక్క మందార చాలు. అందులో హమేలియా, రసేలియా రెండూ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. అక్కడ హమ్మింగ్‌బర్డ్ తాగే పూలనే ఇక్కడ తేనెపిట్ట తాగుతోంది.

ఫీడరా, మొక్కలా

రెండూ పెట్టుకోవచ్చు. ఒక్కటే వీలైతే మొక్కలు. దీనికి కారణం తీపి కాదు, పురుగులు. హమ్మింగ్‌బర్డ్ మకరందంతో రెక్కలాడించే శక్తి తెచ్చుకుంటుంది కానీ కండకు, గుడ్డుకు, పిల్లల పెరుగుదలకు చిన్న చిన్న దోమలు, ఈగలు, సాలీళ్లు కావాలి. గూట్లో పిల్లలకు తల్లి పెట్టేది చాలావరకు అవే. ఫీడర్‌లో పంచదార తప్ప ఇంకేమీ ఉండదు. మొక్క మీద పువ్వూ ఉంటుంది, పురుగూ ఉంటుంది, గూటికి కావలసిన సాలెపట్టూ ఉంటుంది. పేషియో దీపం మూల పట్టిన సాలెగూడును ఆడ పిట్ట ముక్కుతో పట్టి, గాల్లో వెనక్కి ఎగురుతూ దారంలా లాక్కెళ్లడం ఒకసారి చూస్తే, తర్వాత ఆ మూల చీపురు పెట్టబుద్ధి కాదు.

ఫీడర్ గెలిచే సందర్భాలూ ఉన్నాయి. అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లకు, మొక్కలు ఇంకా నిలదొక్కుకోని మొదటి ఏడాదికి, పూలన్నీ రాలిపోయే గాలివాన వారాలకు, సియాటిల్‌లో మంచు పడ్డ ఉదయాలకు ఫీడర్‌కు సాటి లేదు. ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలు ఇంట్లోనే ఉండే అమ్మానాన్నలకు కిటికీ దగ్గర కాలక్షేపం కూడా ఫీడరే ఇస్తుంది. కానీ ఫీడర్ కట్టడమంటే ఒక బాధ్యత ఒప్పుకోవడం. ఎండాకాలంలో రెండు మూడు రోజులకోసారి, చలికాలంలో వారానికోసారైనా దించి, కడిగి, కొత్తది పోయాలి. పాత నీళ్లు పులుస్తాయి, నల్లటి బూజు పడుతుంది, పిట్టకు జబ్బు చేస్తుంది. ఆ ఓపిక లేదనిపిస్తే ఫీడర్ జోలికి పోకండి. ఒక సాల్వియా (సేజ్ అని కూడా అనే పూలమొక్క) కుండీ పెట్టండి, అది తనను కడగమని అడగదు.

ఫీడర్ ఉంటే పిట్టలు వలస మానేసి చలికి చస్తాయేమో అని చాలామందికి భయం. అలా జరగదు. పగటి పొడవు తగ్గడమే వాటికి బయలుదేరమనే కబురు. న్యూజెర్సీలో చివరి పిట్ట కనిపించాక కూడా రెండు వారాలు ఫీడర్ ఉంచితే వెనకబడ్డ బాటసారికి ఆసరా అవుతుంది.

ఫీడర్ కొనేటట్లయితే

కొట్లో రెండు రకాలుంటాయి. తలకిందులుగా వేలాడే సీసా రకం, మూత ఉన్న పళ్లెం రకం. సీసా రకంలో ఎక్కువ పడుతుంది, చూడ్డానికి బాగుంటుంది. ఎండ తగలగానే లోపలి గాలి వ్యాకోచించి పంచదార నీళ్లు బొట్లు బొట్లుగా కారతాయి. కింద చీమలు, చుట్టూ తేనెటీగలు చేరతాయి. మెడ సన్నగా ఉంటే బ్రష్ లోపలికి పోదు. పళ్లెం రకంలో తక్కువే పడుతుంది కానీ కారదు. నీళ్లు రంధ్రానికి కిందుగా ఉండడంతో పొడవైన నాలుక ఉన్న పిట్టకు అందుతాయి, తేనెటీగకు అందవు. మూత తీస్తే పళ్లెం, మూత రెండూ నిమిషంలో కడిగేయొచ్చు. నేను ఎవరు అడిగినా పళ్లెం రకమే చెబుతాను. చిన్నదే కొనండి. పెద్దది కొని నిండా పోస్తే సగం పారబోయాల్సిందే. పసుపు రంగు ప్లాస్టిక్ పూలు అతికించినవి వద్దు, ఆ రంగు తేనెటీగలను పిలుస్తుంది. చీమలకు పైన నీళ్లు పోసే చిన్న గిన్నె ఉన్నది చూసుకోండి.

ఒకే పెద్ద ఫీడర్ కన్నా ఒకదానికొకటి కనబడకుండా ఇంటికి రెండు వైపులా రెండు చిన్నవి మేలు. మగ పిట్ట ఒకటి కొమ్మ మీద కాపలా కూర్చుని ఇంకెవర్నీ రానివ్వదు. ఇంటి మూల తిరిగితే దాని కాపలా తెగిపోతుంది.

లోపల పోసేది మామూలు తెల్ల పంచదార ఒక వంతు, నీళ్లు నాలుగు వంతులు. కరిగేదాకా కలిపి చల్లారనిచ్చి పోయడమే. మిగిలింది ఫ్రిజ్‌లో వారం దాచుకోవచ్చు. హమ్మింగ్‌బర్డ్‌ల పూల మకరందంలో తీపి కూడా దాదాపు ఇంతే. మన ఇళ్లలో మంచి మనసుతో చేసే పొరపాటు ఒకటుంది: పంచదార కన్నా బెల్లం మంచిది కదా, తేనె ఇంకా మంచిది కదా అని అవి కలపడం. రెండూ వద్దు. బెల్లంలో, బ్రౌన్ షుగర్‌లో ఉండే ఇనుము ఈ పిట్ట ఒంటికి చేటు. తేనె నీళ్లలో కలిపితే త్వరగా పులిసి బూజు పడుతుంది. సీసాల్లో అమ్మే ఎర్ర రంగు నీళ్లూ అనవసరం, ఫీడర్ మీద ఉన్న ఎరుపు చాలు. కడగడానికి వేడినీళ్లు, బ్రష్, కావాలంటే కాస్త వెనిగర్. నురగ మిగలకూడదు.

కాలిఫోర్నియా తోట: కరువు నెలల నుంచి మొదలు

ఆనాస్ పిట్ట డిసెంబర్ నుంచే గూడు కడుతుంది. అంటే మనం హీటర్ వేసుకుని కూర్చునే జనవరి రోజుల్లో తల్లి పిట్ట ఒంటరిగా గుడ్లు పొదుగుతూ, పిల్లలకు మేత తెస్తూ ఉంటుంది. మగది గూటి పనిలో వేలు పెట్టదు. అందుకే నేను మొదటి మొక్కగా చలికాలం పూసేదే కొనమంటాను. నాలుగు ఎంపికలున్నాయి.

మాంజనీటా పొద ఎండ బాగా తగిలే చోట, నీళ్లు నిలవని నేలలో రాజాలాంటిది. ఎర్రచందనం రంగు నునుపు కొమ్మలు, డిసెంబర్ నుంచి మార్చి దాకా చిన్న చిన్న గంటల్లాంటి తెల్లగులాబీ పూలు. హోవర్డ్ మెక్‌మిన్ అనే రకం పెరటి నేలలకు సర్దుకుంటుంది, మనిషంత ఎత్తు పెరుగుతుంది. దీన్ని చంపేది మన ప్రేమే. వేరూనాక వేసవిలో రోజూ నీళ్లు పోస్తే బంకమట్టిలో వేరు కుళ్లి చస్తుంది. లాన్‌కు స్ప్రింక్లర్ ఉన్న చోట దీన్ని పెట్టకండి.

అలాంటి చోటు లేక, చెట్టు నీడే ఉంటే పింక్ ఫ్లవరింగ్ కరెంట్ తీసుకోండి. జనవరి నుంచి మార్చి దాకా గులాబీ రంగు గుత్తులు వేలాడతాయి. శీతాకాలం ఆకు రాల్చి మోడుగా ఉంటే ఎండిపోయిందని పీకేయకండి, ఆ మోడు మీదే పూలు ముందు వస్తాయి. దీని దగ్గరి చుట్టం ఫ్యూషియా ఫ్లవర్డ్ గూస్‌బెర్రీ. కొమ్మ పొడవునా ఎర్రటి పూలు వరసగా వేలాడే ఈ మొక్కకు ఈ నాలుగింటిలో నేను పిట్టల తరఫున మొదటి మార్కు వేస్తాను. కానీ ఒళ్లంతా ముళ్లు. చిన్న పిల్లలు ఆడుకునే పెరట్లో పింక్ ఫ్లవరింగ్ కరెంట్ మొక్కే మేలు. కంచె పక్కన ఎవరూ వెళ్లని మూల ఉంటే గూస్‌బెర్రీకి అంతకన్నా మంచి చోటు లేదు.

నాలుగోది టార్చ్ అలో, మన కలబంద బంధువు. దక్షిణాఫ్రికా మొక్క. నడి శీతాకాలంలో నారింజ ఎరుపు కంకులు నిలువుగా లేస్తాయి. ముక్క విరిచి గుచ్చినా బతుకుతుంది, ఖర్చు లేదు, నీళ్లు అడగదు. స్థానిక మొక్క కాదు కాబట్టి ఇక్కడి పురుగులకు దానివల్ల పెద్ద మేలు ఉండదు. మంచు గడ్డకట్టే ఊళ్లలో దెబ్బ తింటుంది, తీరం దగ్గర ఫర్వాలేదు. మొక్కల అనుభవం బొత్తిగా లేనివాళ్లకు, మొదటి శీతాకాలమే పూలు చూడాలనుకునేవాళ్లకు కాస్త పెద్ద కుండీ అలో కొనమంటాను. ఓపిక ఉంటే మాంజనీటా. అది మెల్లగా పెరుగుతుంది కానీ దశాబ్దాలు ఉంటుంది.

ఇక ఆగస్టు నుంచి నవంబర్. ఇక్కడ పోటీ ముగ్గురి మధ్య. కాలిఫోర్నియా ఫ్యూషియా నేలబారుగా పాకుతూ, అన్నీ ఎండిపోయిన ఆగస్టులో బూడిదరంగు ఆకుల మధ్య నారింజ ఎరుపు సన్నాయిల్లాంటి పూలు పూస్తుంది. నీళ్లు దాదాపు అక్కర్లేదు. వేళ్లతో పక్కలకు పాకుతుంది, పూలయ్యాక నేల దాకా కత్తిరించాలి. ఆ రెండు నెలలు ఎండు కట్టెల్లా కనబడుతుంది, ఇంటి ముందు హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు నోటీసు పంపే చోట కాకుండా పక్కన పెట్టుకోండి. పైనాపిల్ సేజ్ ఆకు నలిపితే అనాస పండు వాసన. అక్టోబర్ నుంచి ఎర్రటి పూలు, కానీ నీళ్లు కావాలి, మంచుకు వాడుతుంది. వంటింటి కుళాయి దగ్గర, రోజూ చూసుకునే చోటికి ఇది. మెక్సికన్ బుష్ సేజ్ ఊదారంగు మఖమల్ కంకులతో నాలుగైదు అడుగుల గుబురవుతుంది, చూపుకు మూడింటిలో ఇదే అందం. ఒక్కటే కొనగలిగితే మాత్రం కాలిఫోర్నియా ఫ్యూషియా కొనండి. ఆగస్టు ఎండల్లో పూసే బాధ్యత మిగతా రెండూ తీసుకోవు.

వసంతం గురించి ఎక్కువ చెప్పను. ఓక్ చెట్టు కింద ఎండు నీడలో హమ్మింగ్‌బర్డ్ సేజ్, తడి నీడలో ఎర్ర కొలంబైన్. వేసవికి స్టికీ మంకీఫ్లవర్, లేదా ప్రతి నర్సరీలో దొరికే హాట్ లిప్స్ సాల్వియా. ఇది వసంతం నుంచి శరదృతువు దాకా పూస్తూనే ఉంటుంది, తప్పులు చేసినా తట్టుకుంటుంది. కొత్తవాళ్లకు నాకు నచ్చిన రెండో మొక్క ఇదే.

ట్రీ టొబాకో అనే పసుపు గొట్టం పూల చెట్టు మీద హమ్మింగ్‌బర్డ్‌లు ముసురుతాయి. ఖాళీ స్థలాల్లో దానంతట అదే మొలుస్తుంది. దాన్ని తెచ్చి పెట్టకండి. అది విషం, పైగా కాలువ గట్లను ఆక్రమించే కలుపు.

టెక్సస్‌లో, న్యూజెర్సీలో

టెక్సస్‌లో నా మొదటి ఎంపిక టర్క్స్ క్యాప్. విచ్చుకోకుండా ముడుచుకుని ఉండే చిన్న మందారలా ఉంటుంది, మందార కుటుంబమే. నీడలో కూడా వేసవి నుంచి మంచు పడేదాకా పూస్తుంది, అంటే వలస నెలలకు సరిగ్గా అందుతుంది. మండే ఎండ చోటైతే ఫ్లేమ్ అకాంథస్ లేదా ఆటమ్ సేజ్.

న్యూజెర్సీలో ఎర్ర కొలంబైన్ పిట్ట వచ్చే వేళకే పూస్తుంది. తర్వాత జూలైలో బీబామ్, ఆగస్టు, సెప్టెంబర్‌లలో కార్డినల్ ఫ్లవర్. ఈ మూడు వరసగా అందుకుంటే ఆ ఊరి కాలం నిండినట్టే. కార్డినల్ ఫ్లవర్‌కు తడి నేల కావాలి, డౌన్‌స్పౌట్ (కప్పు మీది వాననీళ్లు దింపే గొట్టం) నీళ్లు పడే చోట పెట్టండి.

తీగ కావాలంటే రెండు చోట్లా ఒకటే హెచ్చరిక. కోరల్ హనీసకల్ కొనండి, జపనీస్ హనీసకల్ కొనకండి. మొదటిది అక్కడి సొంత మొక్క, ఎర్రటి పొడవు పూలు, పెద్దగా వాసన ఉండదు. రెండోది తెల్లగా పూసి మల్లెలా ఘుమఘుమలాడుతుంది, అందుకే మనవాళ్లు దానికే పడిపోతారు. అది అడవులను కప్పేసే రకం. ట్రంపెట్ వైన్‌ను పిట్టలు ప్రాణంగా ఇష్టపడతాయి కానీ అది గోడను, రూఫ్‌ను వదలదు. ఎకరం స్థలం ఉంటే పెట్టుకోండి.

మనకు తెలిసిన మొక్కల్లో ఏవి పనికొస్తాయి

కాశీరత్నం గుర్తుందా, దారాల్లాంటి ఆకుల మధ్య ఎర్ర నక్షత్రాల పూల తీగ? దాని పుట్టిల్లు మెక్సికో వైపే. హమ్మింగ్‌బర్డ్ కోసమే పుట్టినట్టు ఉంటుంది ఆ సన్నటి గొట్టం పువ్వు. టెక్సస్ వేడికి పందిరి అల్లేస్తుంది. దక్షిణ రాష్ట్రాల్లో విత్తనం రాలి కలుపయ్యే గుణం ఉంది కాబట్టి కాయలు ముదరకముందే తుంచుకుంటూ, కుండీలో పెంచడం మంచిది. ఇండియా నుంచి సూట్‌కేసులో విత్తనాలు తేవద్దు, సరైన పత్రాలు లేకుండా అనుమతించరు. సైప్రస్ వైన్ పేరుతో అమెరికాలోనే ప్యాకెట్ దొరుకుతుంది.

మందార విషయంలో ఒంటిరెక్కదే తీసుకోండి. ముద్ద మందారంలో రేకుల మడతల మధ్య పిట్ట నాలుకకు దారి దొరకదు. ఇది అన్ని ముద్దపూలకూ వర్తిస్తుంది.

బే ఏరియాలో పందిరి చిక్కుడు సరిగ్గా కాయడం లేదని బాధపడేవాళ్లు ఒకసారి స్కార్లెట్ రన్నర్ బీన్ వేసి చూడండి. చల్లటి వేసవి దానికి ఇష్టం. ఎర్రటి పూలకు హమ్మింగ్‌బర్డ్‌లు వస్తాయి, లేత కాయలు కూరకు వస్తాయి. గింజలు మాత్రం బాగా ఉడికించాకే తినాలి.

కరివేపాకు గురించి కూడా చెప్పాలి. నిమ్మజాతిని పాడుచేసే సిల్లిడ్ అనే పురుగు కరివేపాకు మీద కూడా పెరుగుతుంది. దానికి కొందరు మట్టిలో పోసే మందు వాడతారు. సిస్టమిక్ అనే అలాంటి మందు వేరు నుంచి మొక్కంతా పాకి మకరందంలోకి కూడా చేరుతుంది. కాబట్టి కరివేపాకుకు, నిమ్మకు, గులాబీకి ఏ మందు వాడినా లేబుల్ మీద ఇమిడాక్లోప్రిడ్ లాంటి పేరుందేమో చూడండి. ఆ మట్టిని హమ్మింగ్‌బర్డ్ మొక్కలకు దూరంగా ఉంచండి. అలాంటి మందు పోసిన కరివేపాకు ఇంట్లో పోపుకు వాడొచ్చా అన్నది ఇంకా ముందు అడగాల్సిన ప్రశ్న. నర్సరీలో పూలమొక్క కొనేటప్పుడు కూడా "దీనికి సిస్టమిక్ మందు వేశారా?" అని అడగండి. చెప్పలేని కొట్లో కొనకండి.

చోటును బట్టి

అపార్ట్‌మెంట్ బాల్కనీ ఉంటే ఒక పళ్లెం ఫీడర్, ఎండ వస్తే హాట్ లిప్స్ కుండీ, చలికాలానికి చిన్న అలో. లీజులో ఫీడర్లు కట్టొద్దని ఉంటే కుండీలతోనే సరిపెట్టండి. పై అంతస్తుల బాల్కనీకి కూడా పిట్ట వస్తుంది, కాస్త ఆలస్యంగా కనిపెడుతుంది అంతే. ఫీడర్‌ను కిటికీకి మూడడుగుల లోపలైనా కట్టండి, ముప్ఫై అడుగుల అవతలైనా కట్టండి. మధ్య దూరంలో కడితే వేగం పుంజుకున్న పిట్ట అద్దంలో ఆకాశం చూసి గుద్దుకుంటుంది.

టౌన్‌హౌస్ పేషియో అయితే ఫీడర్‌కు ముందు కంచె పొడవునా రెండడుగుల మడి తవ్వండి. ఒక పింక్ ఫ్లవరింగ్ కరెంట్ మొక్క, రెండు సాల్వియాలు, ముందు వరసలో కాలిఫోర్నియా ఫ్యూషియా పడతాయి. ఒకే రకం రెండు మూడు పక్కపక్కన పెడితే పిట్ట పైనుంచి సులువుగా గుర్తిస్తుంది, రకానికొకటి చల్లినట్టు పెడితే అంత ఆకర్షణ ఉండదు.

సొంత పెరడు ఉన్నవాళ్లు లాన్‌లో ఒక పక్క తీసేసి మాంజనీటాతో మొదలుపెట్టండి. ఒక సన్నటి ఎండు కొమ్మను కత్తిరించకుండా వదలండి, పిట్ట కాపలా కూర్చునేది అక్కడే. నీళ్ల తొట్టి కన్నా డ్రిప్ పైపు చివర సన్నటి తుంపర వచ్చే ముక్క పెడితే ఆకుల మీది తడిలో ఒళ్లు రుద్దుకుని స్నానం చేస్తుంది. పిల్లి ఉన్నవాళ్లు ఫీడర్ ఎత్తుగా కట్టినంత మాత్రాన సరిపోదు, పిల్లిని ఇంట్లో ఉంచాలి.

కాలిఫోర్నియాలో నాటడానికి సరైన కాలం అక్టోబర్, నవంబర్. మనకు తొలకరి జూన్‌లో అయితే ఇక్కడి వానలు ఆ నెలల్లో మొదలవుతాయి. వాన మీదే వేరు పాకిపోతుంది, మీకు నీళ్లు పోసే పని తప్పుతుంది. కాలిఫోర్నియా నేటివ్ ప్లాంట్ సొసైటీ శాఖలు చాలా ఊళ్లలో ఆ సీజన్‌లోనే మొక్కల అమ్మకాలు పెడతాయి. వాళ్ల కాల్‌స్కేప్ వెబ్‌సైట్‌లో మీ అడ్రస్ కొడితే మీ నేలకు చెందిన మొక్కలేవో చూపిస్తుంది. ఒక గాలన్ కుండీలో ఉన్న చిన్న మొక్కే కొనండి. పెద్దదానికి మూడింతలు పోసి కొన్నా చిన్నది త్వరగా వేరూని రెండు మూడేళ్లలో దాన్ని అందుకుంటుంది.

తోటపని చేసేవాళ్లను పిలిచి చెట్లు కత్తిరించేది కూడా మనవాళ్లు ఎక్కువగా జనవరి, ఫిబ్రవరుల్లోనే. అప్పుడు ఆనాస్ గూళ్లు ఉంటాయి. సగం వాల్‌నట్ చిప్పంత గూడు, పైన నాచు ముక్కలు అతికించి కొమ్మ బుడిపెలా కనబడుతుంది. లోపల చిన్న చిక్కుడు గింజల్లాంటి రెండు తెల్లటి గుడ్లు. 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం గుడ్లో పిల్లలో ఉన్న గూడును కదపడం నేరం. కత్తెర పెట్టే ముందు చెట్టు కింద కాసేపు నిలబడి చూడండి. ఒకే కొమ్మకు పిట్ట పదేపదే వస్తుంటే ఆ కొమ్మను రెండు నెలలు వదిలేయండి. పొదగడానికి సుమారు పదహారు రోజులు, పిల్లలు ఎగరడానికి మరో మూడు వారాలకు పైన పడుతుంది. కత్తిరింపు సెప్టెంబర్, అక్టోబర్‌లకు మార్చుకుంటే ఈ గొడవే ఉండదు.